ఓబులమ్మక్క ఎక్కిన ఆటో

ప్రొద్దుటూరులో నేను మేనేజరుగా ఉన్న బట్టల షాపులో, వెనక గదిలో కొత్త చొక్కాలు ఇస్త్రీ చేస్తుంటారు. తడి బట్ట మీద ఇస్త్రీపెట్టె ఆనగానే లేచే ఆ వెచ్చటి వాసన తగిలితే చాలు, పులివెందులలోని కుట్టు ఫ్యాక్టరీ, దాని మేనేజరు ఓబులమ్మక్క గుర్తుకొస్తారు. మిషను తొక్కడంతో మొదలుపెట్టి మేనేజరు కుర్చీ దాకా వచ్చిన మనిషి. చదువు ముగించి, సిబ్బంది వ్యవహారాలు చూసే ఉద్యోగంలో చేరిన నాకు ఆమే మొదటి పై అధికారి.

నేను చేరిన కొత్తలోనే హెడ్డాఫీసు నుంచి ఫోను వచ్చింది. వేంపల్లె వైపు నుంచి వచ్చే ఆడవాళ్ళు రోజూ ఆలస్యమవుతున్నారు, వాళ్ళను తీసేసి కొత్తవాళ్ళను పెట్టుకోండి అని. కాలరు కుట్టడంలో చెయ్యి తిరిగిన ఖాదర్‌బీ కూడా వాళ్ళలో ఉంది. ఆ మాట నేను చెబితే ఓబులమ్మక్క, "రేప్పొద్దున నాతో రా సుజాతా. వాళ్ళెట్టొస్తాండారో సూసినాక మాట్లాడదాం" అన్నారు.

మర్నాడు తెల్లవారుతూనే ఇద్దరం వేంపల్లె బస్టాపులో నిలబడ్డాం. మమ్మల్ని చూసి ఖాదర్‌బీ కంగారుపడింది.

"ఏందక్కా, మీరీడుండారు?"

"మీ బస్సెట్టుంటాదో సూద్దామని వచ్చినాం మే."

"బస్సా! మమ్మల్ని సూస్తే ఇంకా బిరీన పోతాదక్కా అది" అంది ఖాదర్‌బీ. ఆడవాళ్ళందరూ నవ్వారు.

నిజంగానే, కాలేజీ పిల్లలతో కిక్కిరిసిన బస్సు ఆగకుండా వెళ్ళిపోయింది. చాలాసేపటికి వచ్చిన షేరాటోలో ఒకరి ఒళ్ళో ఒకరం ఇరుక్కున్నాం. ఓబులమ్మక్క కొంగు నడుముకు బిగించి, డ్రైవరు పక్కన సగం బయటికే కూర్చుని, దారి పొడవునా వాళ్ళ పిల్లల చదువుల గురించి అడుగుతూ వచ్చారు. మేం చేరేసరికి ఫ్యాక్టరీలో మిషన్లు మొదలైపోయాయి.

ఆమె నేరుగా హెడ్డాఫీసుకు ఫోను చేశారు. "ఈ పొద్దు నేను గూడా లేటుగానే వచ్చినా సార్. తీసేసేటట్టుంటే నాతోనే మొదలుపెట్టండి."

అవతల ఏమన్నారో నాకు వినబడలేదు. ఆమె ఇద్దరు కూతుళ్ళ చదువు ఆ జీతం మీదే నడుస్తోందని మాత్రం నాకు తెలుసు. సాయంత్రానికి అనుమతి వచ్చింది. వేంపల్లె వాళ్ళు పొద్దున కాస్త ఆలస్యంగా మొదలుపెట్టి, ఆ మేరకు సాయంత్రం ఉండి పనిచేసి వెళ్ళొచ్చు. ఒక్కరి ఉద్యోగమూ పోలేదు. మర్నాడు ఖాదర్‌బీ వేరుశనగ ఉండలు తెచ్చి ఆమెకూ నాకూ పెట్టింది.

ఓబులమ్మక్క ఇప్పుడు జమ్మలమడుగులో పెద్దకూతురి దగ్గర హాయిగా ఉన్నారు. ఈమధ్య మా షాపులో ఒక సేల్స్ అమ్మాయి మధ్యాహ్నం భోజనానికి ఇంటికి వెళ్ళి ఆలస్యంగా తిరిగొస్తోంది. ఆమెను మాన్పించేద్దామన్నాడు సూపర్‌వైజరు.

"ముందు వాళ్ళింటి దాకా పోయొద్దాం రా" అన్నాను.

"దీనికి మనం పోవాల్నా మేడం?"

"పోవాలప్పా" అంటూ మెట్లు దిగాను.