ఆరో మంచం దగ్గర ముందే పెట్టిన టిక్కులు

సహోదరులారా, సహోదరీలారా, ఈ సాక్ష్యంలో అగ్నిగుండం ఉంది, సింహాల బోను ఉంది, సముద్రం రెండుగా చీలిన ఘట్టం ఉంది, చదివేటప్పుడు చేతిలో రుమాలు ఉంచుకోండి, అని మొదలుపెట్టాను. పాస్టరుగారు మన సంఘపత్రికలో రెండు పేజీలు ఇస్తానన్నారు కదా, నింపాలి కదా అని! కానీ అవేవీ జరగలేదు. జరిగిందంతా తెనాలిలో ఒక ప్రైవేటు ఆస్పత్రిలో, ఆరో నంబరు మంచం మీద, ఒక పెద్దావిడ వీపు కింద జరిగింది. సింహాలు లేవు. ఉన్న ఒక్క క్రూరమృగం చేతిలో నీలం పెన్ను ఉంది, అది నేనే.

నాది మన రేపల్లేనని మీకు తెలుసు. బాపట్లలో నర్సింగ్ చదివాను, అక్కడ కేర్ ప్లాన్ రాయడంలో నన్ను మించినవాళ్ళు లేరు. కేర్ ప్లాన్ అంటే ఏం లేదండి, రోగికి ఏం బాధ ఉంది, దానికి మనం ఏం చెయ్యాలి, ఏ టైముకి చెయ్యాలి, చేశాక ఏమైంది అని గళ్ళు గీసి రాసేది. నేను మూడు రంగుల పెన్నులతో, స్కేలు పెట్టి గీతలు గీసి రాస్తే మా మేడమ్ జూనియర్లకి చూపించేవారు. నా ప్లాన్లలో ఒక్క రోగి కూడా పోయేవాడు కాదు, అందరూ బాగుపడి ఇంటికెళ్ళేవాళ్ళు, ఎందుకంటే ఆఖరి గడి కూడా నేనే రాసేదాన్ని.

తెనాలిలో ఉద్యోగంలో చేరిన మొదటి వారమే ఒక సీనియర్ సిస్టర్ నాకు అసలు పాఠం చెప్పింది. "పొద్దున ఎనిమిదింటికే రెండింటి దాకా టిక్కులు పెట్టేసుకో పిల్లా, తర్వాత నీకు ఊపిరాడదు." ఆవిడ చెడ్డది కాదు, ఆవిడకీ ఎవరో అలాగే చెప్పారు. నాకు పెద్ద కష్టం కూడా అనిపించలేదు, ఎందుకంటే మన యూత్ వాళ్ళకి ఇచ్చిన బైబిలు పఠన కార్డు మీద కూడా నేను వారానికి సరిపడా టిక్కులు శనివారం ఒక్కసారే పెట్టేసేదాన్ని. దేవుడి దగ్గర పనికొచ్చిన పద్ధతి డాక్టరు దగ్గర పనికిరాదా అనుకున్నాను!

అప్పుడు ఖాసింబీ గారు వచ్చారు. బాపట్ల ఆవిడ, పక్షవాతం వచ్చి కుడివైపంతా పడిపోయింది, మాట పోయింది, షుగరు కూడా ఉంది. భర్త మస్తాన్ గారు టైలరు, మిషను మూసేసి వచ్చి మంచం పక్కన స్టూలు మీద కూర్చునేవారు. ఆవిడకి నేను రాసిన కేర్ ప్లాన్ చాలా అందంగా ఉంటుంది, ఇప్పటికీ చూస్తే సిగ్గుతో చచ్చేంత అందంగా. రెండు గంటలకోసారి పక్కకి తిప్పాలి, లేకపోతే వీపు కింద పుండు పడుతుంది, మాట రాదు కాబట్టి నొప్పిని ముఖంలో చూసి తెలుసుకోవాలి, అని రాశాను. రాసి, ఎనిమిదింటికే టిక్కులు పెట్టేసి, మిగతా మంచాల మధ్య పరుగెత్తాను. తిప్పడం ఒకసారి కుదిరేది, మూడుసార్లు కుదిరేది కాదు.

నాలుగో రోజు మస్తాన్ గారు చార్టు చూసి, కళ్ళజోడు సర్దుకుని అడిగారు. "అమ్మా, ఇందులో పన్నెండింటికి ఎడమ పక్కకి అని ఉంది. మా ఆవిడ వెల్లకిలా ఉందేంటి?"

"చార్టు కరెక్టేనండి బాబాయ్ గారూ" అన్నాను.

అంటే మనిషి తప్పు, కాగితం కరెక్టు. ఆయన సరేనని తలూపి కూర్చున్నారు. సహోదరులారా, నా జీవితంలో నేను చెప్పిన అబద్ధాల్లో ఇంత గౌరవంగా చెప్పింది ఇంకోటి లేదు.

ఎనిమిదో రోజు దుప్పటి మార్చడానికి తిప్పితే నడుము కింద, తోకెముక దగ్గర, పుండు. చిన్నది కాదు. ఆవిడ ఎడమ కంట్లోంచి నీళ్ళు కారి చెవిలోకి పోతున్నాయి, అవి ఎన్ని రోజుల నుంచి కారుతున్నాయో నాకు తెలియదు, ముఖం చూడాలని రాసిందాన్ని నేనే, చూడందాన్నీ నేనే. డాక్టరుగారు వచ్చి చార్టు తిరగేశారు. ఒక్క గడి ఖాళీ లేదు. "వీళ్ళు తిప్పుతూనే ఉన్నారు, షుగరు వల్ల అయ్యుంటుంది" అన్నారు. నన్ను ఎవరూ ఒక్క మాట అనలేదు. పైగా చార్టు నీట్‌గా ఉందన్నారు!

అదీ నా చీకటి. మందు కాదు, అప్పు కాదు, దయ్యం పట్టలేదు, చెప్పుకోవడానికి ఒక మంచి పాపం కూడా లేదు. రేపల్లె పాసింజరు రైల్లో కూర్చుంటే ఊరు వచ్చినా లేవబుద్ధి కాలేదు. క్వైరులో నోరు ఆడించాను, పాట రాలేదు, పక్కనున్నవాళ్ళు ఈసారి శ్రుతి బాగా కుదిరిందన్నారు. ఉద్యోగం మానేసి జిరాక్స్ షాపు పెట్టుకుందామనుకున్నాను, అక్కడైతే ఉన్నదే మళ్ళీ వస్తుంది కదా. ఇందాకటి నుంచి నవ్విస్తున్నాను గానీ, పొద్దున మెలకువ రాకపోతే బాగుండునని అనుకున్న రోజులు ఉన్నాయి. అన్నం తింటుంటే ఆ కన్నే కనపడేది.

ఒకరోజు డ్యూటీ ఎక్కేముందు దుప్పట్లు పెట్టే గదిలోకి వెళ్ళి తలుపేసుకుని మోకరించాను. "ప్రభువా, నాకు ఏడుపు కూడా రావట్లేదు. ఆమెకి చేసింది నీకు తెలుసు. నేను తప్పించుకున్నాను, ఆ తప్పించుకోవడంలోంచి నన్ను విడిపించు. ఏం మాట్లాడాలో నాకు తెలియదు. ఆమేన్." అంతే. వెలుగు రాలేదు, స్వరం రాలేదు. తలుపు మాత్రం తెరుచుకుంది. వార్డు ఆయమ్మ దుప్పట్ల కోసం వచ్చి, "ప్రార్థనా, నిద్రా?" అంది.

కానీ లేచి నిలబడేసరికి ఎక్కడికి వెళ్ళాలో కాళ్ళకి తెలిసింది. దీన్ని మీరు ఏమంటారో నాకు తెలియదు, నేను దేవుడే అంటాను. తిన్నగా ఆరో మంచం దగ్గరికి వెళ్ళి, "బాబాయ్ గారూ, ఆ రోజు మీరు చూసిందే నిజం. నేను తిప్పకుండానే రాశాను" అన్నాను.

ఆయన కళ్ళజోడు తీసి చేతిలో పట్టుకున్నారు. తర్వాత, "నాకు చూపు తగ్గిందేమో అనుకున్నానమ్మా" అన్నారు. "మిషను అమ్మేద్దామని కూడా అనుకున్నాను."

అప్పుడు వచ్చింది నాకు ఏడుపు.

"ఎన్ని గంటలకోసారి తిప్పాలి?"

"రెండు గంటలకండి."

"మళ్ళీ ఎప్పుడు?"

"ఇప్పుడేనండి."

"అయితే ఏడుపు తర్వాత. అటు పట్టుకో."

పట్టుకున్నాను. ఆ తర్వాత మేట్రన్ దగ్గరికి వెళ్ళి అదే చెప్పాను, మెమో ఇచ్చారు, తీసుకున్నాను. ఆ రోజు నుంచి తిప్పాకే టిక్కు పెట్టాను. నా చార్టు అసహ్యంగా తయారైంది, పది ఇరవైకి, పన్నెండున్నరకి, మధ్యలో 'తిప్పలేదు, ఎమర్జెన్సీ వచ్చింది' అని. నా చదువంతటిలో నిజమైన కేర్ ప్లాన్ అదొక్కటే.

ఇక్కడ మీరు పుండు మానిపోయిందని వినాలనుకుంటున్నారు. నాకూ చెప్పాలనుంది. వాళ్ళు బాపట్ల వెళ్ళిపోయారు, నా సెలవు రోజున నేను వెళ్ళి డ్రెస్సింగ్ చేస్తున్నాను, మస్తాన్ గారు దాని కొలత జాకెట్ల కొలతలు రాసుకునే పుస్తకంలోనే రాసుకుంటున్నారు. మొన్న చూస్తే చొక్కా గుండీ అంత ఉంది. మానడానికి ఎన్ని నెలలు పడుతుందో, అసలు మానుతుందో లేదో తెలియదు. ఖాసింబీ గారికి మాట రాలేదు. నన్ను క్షమించారో లేదో అడిగాను, ఆవిడ గోడవైపు చూశారు. కొన్నిసార్లు తిరిగొచ్చే రైల్లో ఆ చీకటి నా పక్క సీట్లోనే కూర్చుంటుంది. అయినా పొద్దున మెలకువ వస్తోంది, లేస్తున్నాను. దేవునికే మహిమ.

చెయ్యనిది చేశానని రాసి, దొరక్కుండా బతుకుతున్న సహోదరుడెవరైనా, సహోదరి ఎవరైనా ఇది చదువుతుంటే, భయపడకండి, ఆయన దగ్గరికి రండి. ఆయన మన కాగితం చూడడు, మంచం చూస్తాడు. చూసి కూడా మనల్ని గదిలోంచి గెంటేయడు, అటు పక్క పట్టుకోమంటాడు. నాకు దొరికిన విడుదల అంతే, అది చాలు, ఆయన్ని నమ్ముకోండి!

ఇంకొక్క మాట. మీ ఇళ్ళల్లో మంచాన పడ్డవాళ్ళు ఉంటే, పక్కకి తిప్పాక వీపు వెనక ఒక దిండు పెట్టండి, లేకపోతే పది నిమిషాల్లో మళ్ళీ వెల్లకిలా వచ్చేస్తారు.