గాడిపొయ్యి మీద నీళ్లు

సరిహద్దు పోస్టుకు చేరేసరికి మధ్యాహ్నం రెండుంపావు. తొమ్మిది వేల అడుగుల ఎత్తు, మోకాలి లోతు మంచు, వీపున ముప్పై కిలోల బరువు. చివరి మలుపు దగ్గర నా ముందు నడుస్తున్న కంచరగాడిద ఉన్నట్టుండి కూలబడింది. తుపాకీ శబ్దం ఆ తర్వాత వినపడింది. దాని పేగులు మంచు మీద పడి ఆవిర్లు చిమ్ముతున్నాయి. పైనుంచి ఎవరో "పాకండి" అని హిందీలో అరిచారు. చివరి వంద మీటర్లు పొట్ట మీద పాకి నా కొత్త పోస్టులో అడుగుపెట్టాను. అడుగు అనడం కూడా గొప్పే. శ్రీరాంపూర్‌లో మావాళ్లు మెడలో దండలేసి సాగనంపిన తీరు గుర్తొచ్చి, ఆ భయంలోనూ నవ్వొచ్చింది.

బంకర్లో ఏడుగురు, నాతో ఎనిమిది. పేర్లతో పిలుచుకునేది తక్కువ. ఎవడి పని వాడి పేరు. హవల్దారు ఉస్తాద్. వైర్‌లెస్ దగ్గర కూర్చునేవాడు రేడియో. వంట చేసే ఆయన లాంగ్రీ. నేను తెలుగులో తిట్టుకుంటుంటే విని ఆయన దగ్గరికొచ్చాడు.

"ఏ ఊరు తమ్మీ?"

"శ్రీరాంపూర్ అన్నా. బాపు బొగ్గు బాయిల పనిచేస్తడు."

"నాది కాగజ్‌నగర్. మా బాపు పేపర్ మిల్లుల చేసేటోడు. ఛాయ్ తాగుతవా, ఇంకింత సేపు వణుకుతవా?"

అప్పటినుంచి ఆయన నాకు అన్న. వాళ్లావిడ పెట్టిన మామిడికాయ తొక్కు ఒక సీసాలో దాచుకున్నాడు. రోజూ ఎనిమిది మందికీ తలా ఒక ముక్క వేసేవాడు. తను మాత్రం అందరూ తిన్నాకే తినేవాడు.

పన్నెండో రోజు సాయంత్రం నాలుగూ పదికి మోర్టార్లు మొదలయ్యాయి. అవతలి కొండ మీద 'థప్' అని వినపడుతుంది. ఇరవై లెక్కపెట్టేలోపు గుండు మన మీద ఉంటుంది. మెషీన్‌గన్ మనిషి చెయ్యి మోచేతి దగ్గర తెగి తోలుకు వేలాడింది. బెల్టుతో బిగించి కట్టాం. రక్తం ఆగలేదు. ఆరింటికి పోయాడు. కిందికి దారి మంచుతో మూసుకుపోయింది కాబట్టి శవాన్ని బంకరు పక్కన మంచులోనే ఉంచాం. కిరోసిన్ డబ్బాలు రెండూ తూట్లు పడ్డాయి. స్టవ్వు ఉంది, నూనె లేదు.

రెండు రోజులు బిస్కెట్లు తిని మంచు చప్పరించాం. నోళ్లు పుండ్లు పడ్డాయి. మూడో రోజు రేడియోకు చేతివేళ్లు వంగలేదు. దారి తెరుచుకోవడానికి ఇంకో వారం పడుతుందని కింది నుంచి కబురొచ్చింది. మంట లేకపోతే గుండ్లతో పనిలేకుండానే చచ్చేలా ఉన్నాం. మంట వేస్తే పొగ చూసి గుండ్లేస్తారు.

"పొగ రాని పొయ్యి నేను వేస్తాను ఉస్తాద్" అన్నాను.

గొప్పకు అనలేదు. మా క్వార్టరు వెనక పెరట్లో మేకను కోసినప్పుడల్లా బాపు గాడిపొయ్యి తవ్వేవాడు. మోకాలి లోతు గుంత, గాలి వచ్చే వైపు నుంచి దాని అడుగుకి మూరెడు సొరంగం. "గాలికి తొవ్వ ఉంటే పొగ రాదురా. బాయిలనైనా గంతే" అనేవాడు. బంకరు వెనక ఆరడుగుల ఖాళీ ఉంది. దాన్ని మా పెరడు అనుకున్నాను. గడ్డకట్టిన నేలను తవ్వడానికి ఐదు గంటలు పట్టింది.

ఉస్తాద్ ఆర్డర్లు మూడు. రేషన్ పెట్టెల ఎండు చెక్కలు తప్ప ఏదీ వెయ్యకూడదు. లోయలో పొగమంచు ఉండగా ఆరున్నరకు అంటించి ఏడున్నరకల్లా ఆర్పెయ్యాలి. మట్టి కప్పే ఆర్పాలి. "నీళ్లు పోస్తే ఆవిరి లేస్తుంది. అటువాళ్లకు అది చాలు" అన్నాడు.

నాలుగు రోజులు బ్రహ్మాండంగా నడిచింది. పప్పు, బియ్యం కలిపి లాంగ్రీ కిచిడీ వండేవాడు. వేడి ముద్ద గొంతు దిగుతుంటే నాకు ఏడుపొచ్చింది. చెక్కలు మాత్రం తరిగిపోతున్నాయి. మిగిలినవి రెండు పెట్టెలు.

"గింత మంచి బొగ్గులు మన్నుల కలుపుడేంది తమ్మీ. మా ఇంటామె సూస్తే నన్ను తిడ్తది" అన్నాడు అన్న.

మా అవ్వ కూడా తిట్టేదే. ఇంట్లో వంట కాగానే నిప్పుల మీద చెంబెడు నీళ్లు చల్లి, బొగ్గులు ఏరి ఎండబెట్టి గంపలో దాచేది. చిన్నప్పటినుంచీ ఆ పని నాదే.

ఐదో రోజు ఏడూ ముప్పై రెండు. అన్న గిన్నె లోపలికి తీసుకెళ్లాడు. నా చేతిలో తినేముందు పళ్లేలు కడిగిన నీళ్ల మగ్గు ఉంది. చెయ్యి దానంతటదే వంగిందని చాలా ఏళ్లు నాకు నేను చెప్పుకున్నాను. అబద్ధం. ఆర్డరు గుర్తుంది. బొగ్గులు మిగిలితే రేపటికి పనికొస్తాయని, అన్న మెచ్చుకుంటాడని, తెలిసే పోశాను.

సుయ్‌మంది. ఆ రోజు పొగమంచు తొందరగా విడిపోయింది. గాలి లేదు. బూడిదతో కలిసి తెల్లటి ఆవిరి ఏకిన పత్తిలా నిట్టనిలువుగా లేచింది.

"వెనక పొగ. ఎవరది?" లోపలి నుంచి రేడియో అరిచాడు.

థప్. మొదటి గుండు కింద లోయలో పడింది. రెండోది ఎడమ గోడ మీద పడి ఇసుక బస్తాలు చీలిపోయాయి. నేను మగ్గు పట్టుకుని నిలబడే ఉన్నాను. అన్న తన కంబళి పట్టుకుని బయటికొచ్చాడు.

"లోపలికి పో."

"అన్నా, నేనే..."

"తర్వాత చెప్పుదువు తీ. పో."

నన్ను భుజంతో గుమ్మంలోకి తోసి, కంబళి పొయ్యి మీద పరిచి, అంచులు మోకాళ్లతో అదిమి కూర్చున్నాడు. ఆవిరి ఆగింది. మూడో గుండు అప్పుడు పడింది.

కళ్లు తెరిచేసరికి చెవులు పనిచెయ్యడం లేదు. కంబళి కాలుతోంది. ఉన్ని వాసన, మాంసం వాసన. అన్నకు నడుము కింద ఏమీ మిగల్లేదు. ఇంకా బతికే ఉన్నాడు. నా వైపు చూస్తూ నోరు కదిపాడు. ఏమన్నాడో నాకు ఇప్పటికీ తెలీదు. నేను ఆయన పేగులు చేతులతో లోపలికి నెడుతూనే ఉన్నాను, ఉస్తాద్ వచ్చి నన్ను లాగేదాకా.

తొమ్మిదింపావుకు కాల్పులు ఆగాయి. "తినండి" అన్నాడు ఉస్తాద్. కిచిడీలో మన్ను పడింది. తిన్నాం. నేనూ తిన్నాను. ఆకలేసింది. అది చెప్పడానికి ఇవాళ్టికీ సిగ్గే. ఉస్తాద్ నా పక్కన సొట్టపడిన మగ్గును చూశాడు, తర్వాత నన్ను చూశాడు. రిపోర్టులో శత్రువుల కాల్పులు అని రాశాడు. అంతే.

నాలుగు నెలల తర్వాత సెలవు దొరికింది. ఇంటికి పోకుండా నేరుగా కాగజ్‌నగర్ వెళ్లాను, నిజం చెప్పాలనే. వదిన నాకోసం కోడిని కోసి పెరట్లో గాడిపొయ్యి మీద వండింది. పళ్లెంలో కూర, అంచున తొక్కు ముక్క. నన్ను కూర్చోబెట్టి, మిగిలిన నిప్పుల మీద పొయ్యడానికి చెంబు ఎత్తింది. నేను లేచి ఆమె చెయ్యి పట్టుకున్నాను.

"నీళ్లు పోసింది నేనే వదినా" అన్నాను. మగ్గు, ఆవిరి, కంబళి, అన్నీ చెప్పాను.

ఆమె చెంబు కింద పెట్టింది. నన్ను తిట్టలేదు, కొట్టలేదు. కొడితే బాగుండేది. ఒక్కటే అడిగింది.

"గా పొద్దు తిన్నడా తమ్మీ?"

ఒక్క అబద్ధం కూడా ఆడొద్దని ఒట్టు పెట్టుకుని ఆ ఇంటికి వెళ్లినవాణ్ని.

"తిన్నడు వదినా. కడుపునిండ తిన్నడు."

ఆమె తలూపి, రెండు చేతులతో మట్టి లాగి నిప్పుల మీద కప్పింది.

ఆ రోజు మేం తినడం అయ్యాక, బంకరు మూలలో అన్న తన మఫ్లరు చుట్టి పెట్టుకున్న మెస్ టిన్ ఒకటి మిగిలింది. మూత నేనే తీశాను. కిచిడీ, పక్కన తొక్కు ముక్క. డబ్బా ఇంకా గోరువెచ్చగా ఉంది.