నేవన్‌లో పూతకు రాని మొక్కలు

మా చెల్లెలి కొడుకు మధు విదేశంలో, నేవన్ అనే ఊళ్లో ఉంటాడు. మందుల ఫ్యాక్టరీలో ఉద్యోగం, ఎక్కువగా రాత్రి షిఫ్టు. ఇంట్లో పెట్టిన మొక్కలు ఎంతకీ పూయడం లేదు, ఒకసారి వచ్చి చూడమని ఫోన్ చేశాడు. కుప్పం దగ్గర మాది చామంతి తోట. రాత్రులు పొడుగైతే చామంతి పూస్తుంది. పండగ గిరాకీ దాకా పూత ఆపాలంటే రాత్రిళ్లు తోటలో బల్బులు వేస్తాం. ఇవీ చామంతులే అనుకుని బయలుదేరాను.

అప్పటికి అదే దేశంలో, టాలట్‌లో మా అమ్మాయి ఇంటికి వచ్చి ఉన్నాను. అక్కడ పొద్దున తొమ్మిదికి లువాస్ ట్రామ్ ఎక్కి, బస్‌స్టేషన్ దగ్గర దిగాను. నేవన్ బస్సు అక్కడే దొరుకుతుంది. గంట పైన ప్రయాణం, కార్డు తాకిస్తే ఛార్జీ తక్కువ. నాకు ఇంగ్లీషు రాదు. ఊరి పేరు చెప్పి సైగ చేస్తే డ్రైవరు సరేనన్నట్టు "గ్రాండ్" అని ముందు సీటు చూపించాడు. దారంతా వాన.

స్టాపులో మధును చూస్తే కళ్లు గుంటలు పడి ఉన్నాయి. ఇంట్లోకి అడుగు పెట్టగానే ఘాటు వాసన. మెట్ల పక్క గదిలో కిటికీకి నల్ల కవరు, పైన పెద్ద లైట్లు, కింద నడుమెత్తు గంజాయి మొక్కలు.

"పన్నెండు గంటలు వెలుగు, పన్నెండు గంటలు చీకటి. టైమరు పెట్టినా మామా. అయినా పూత రాలా."

షిఫ్టులతో వాడికి నిద్ర పట్టడం లేదట. గంజాయి తాగితేనే కన్ను మూతపడుతుందట.

లైట్లు ఆపి, తలుపు మూసి, చీకట్లో నిలబడ్డాను. చెక్క గోడ సందులోంచి సన్నగా ఎర్రటి వెలుగు. అవతలి వైపు, ఇక్కడివాళ్లు ప్రెస్ అనే గోడ అల్మరాలో, దేవుడి పటాల ముందు కరెంటు దీపం ఉంది. రాత్రీ పగలూ వెలుగుతూనే ఉంటుంది. మా తోటలో బల్బుల్లాగే అది పూత ఆపుతోంది.

బయటికి వచ్చి, అన్నీ పీకెయ్యమన్నాను.

"ఏందో నీకు తెలిసింది. చెప్పు మామా."

"చెప్పను."

మధు భార్య పద్మజ అన్నం పెట్టింది. పప్పు బాగుంది, తినబుద్ధి కాలేదు. మధు పైకి వెళ్లి పడుకున్నాక ఆమె నా దగ్గరికి వచ్చి గొంతు తగ్గించింది.

"ఆ దీపం కావాలనే ఆర్పడం లేదు మామయ్యగారూ. పూస్తే అమ్ముతానంటున్నారు. ఇంటి లీజు నా పేరు మీదుంది. గార్డులు, అదే పోలీసులు, వస్తే ముందు నన్నే అడుగుతారు."

నాతో టాలట్ వచ్చేయమన్నాను. తల అడ్డంగా ఊపింది.

మధ్యాహ్నం మూడింటి బస్సు ఎక్కాను. సగం దారిలో మధు ఫోను. "నువ్వు నిలబడినట్టే నేనూ చీకట్లో నిలబడినా. దొరికింది మామా. దీపం తీసేసినా." గొంతులో సంతోషం. పద్మజకు ఫోన్ చేశాను. ఎత్తలేదు.

నోరు మూసుకుంటే చాలనుకుని వచ్చాను. తలుపు మూసి నిలబడడమే వాడికి చెప్పినట్టయింది. ఆ ఇల్లు ఇప్పుడు ఎలా ఉందో తెలియదు. ఆదివారం మళ్లీ వెళ్తాను, ఈసారి మా అమ్మాయిని వెంటబెట్టుకుని.

మీ వాళ్లెవరైనా రాత్రి షిఫ్టులు చేస్తూ నిద్ర పట్టడం లేదంటే, మొదట్లోనే జీపీకి, అంటే మీ పేటలోని డాక్టరుకి, ఫోన్ చేయండి. అపాయింట్‌మెంట్ దొరకడానికి రోజులు పడుతుంది.