మగ్గం చప్పుడు తీసేసిన పాట

2022 ఏప్రిల్ నెల. అనంతపురం పాత ఊరిలో ఒక సందు చివర, పది అడుగుల వెడల్పున్న నా దుకాణంలో జరిగిన సంగతి ఇది. ఎలక్ట్రానిక్స్ డిప్లొమా ముగించి, టేప్ రికార్డర్లు బాగుచేస్తూ నేను ఈ వృత్తిలోకి వచ్చాను. క్యాసెట్లు పోయాయి, సీడీలు వచ్చి పోయాయి. ఇప్పుడు నేను ప్రధానంగా అమ్మేది డిజిటల్ ఆడియో ప్లేయర్లు. అరచేతిలో ఇమిడే ఈ పరికరానికి పాటలు వినిపించడం తప్ప మరో పని లేదు. ఫైలులో అంకెల రూపంలో ఉన్న పాటను తిరిగి విద్యుత్ తరంగంగా మార్చే చిప్‌ను డ్యాక్ అంటారు. ఆ తరంగానికి హెడ్‌ఫోన్‌ను నడిపేంత బలాన్ని ఆంప్లిఫయర్ ఇస్తుంది. ఈ రెండూ ఎంత మేలైనవైతే ప్లేయర్ ధర అంత పెరుగుతుంది.

ఒక మధ్యాహ్నం ధర్మవరం నుంచి ఓబులేసు అనే పట్టు నేతగాడు, ఆయన కూతురు పద్మ వచ్చారు. ఆయనకు అరవై దాటి ఉంటాయి. పద్మ బత్తలపల్లెలో టీచరు. ఆమె సంచిలోంచి జాకెట్టు గుడ్డలో చుట్టిన క్యాసెట్ ఒకటి తీసి బల్ల మీద పెట్టింది.

“ఇందులో మా అమ్మ పాటలున్నాయి సార్. అమ్మ పోయి ఏడాదిన్నర అయింది. ఒకాయన దీన్ని ఫోన్‌లోకి ఎక్కించి ఇచ్చినాడు. నాయనకు అది సరిపోలేదు. మంచి మిషను కొనుక్కుంటే సరిగా వినబడుతుందని పట్టు పట్టినాడు.”

“మంచిది కాదు,” అన్నాడు ఓబులేసు. “అన్నిటికన్నా మంచిది. మీ అంగట్లో దాని పైన ఇంకొకటి లేనట్లాటిది.”

ఎందుకంత పెద్దది అని అడిగాను. ఆయన క్యాసెట్‌ను తన దగ్గరికి జరుపుకున్నాడు.

“ఆమె మొగం నాకు బాగా గుర్తుండాదప్పా. గొంతు పోతాండాది. పోయిన సంవత్సరం కండ్లు మూసుకుంటే వినపడేది. ఇప్పుడు యాడ పోయిందో తెలీదు. ఈ క్యాసెట్ ఒకటే మిగిలింది.”

ప్లేయర్ ఎంత గొప్పదైనా లోపల వేసే ఫైలు బాగుండాలని చెప్పి, ముందు క్యాసెట్‌ను నా దగ్గర వదిలి వెళ్లమన్నాను. ఈ పనికి నా దగ్గర ప్రత్యేకంగా ఒక టేప్ డెక్ ఉంది. తెలిసిన స్వరం రికార్డయి ఉన్న కొలత టేపు వేసి దాని వేగాన్ని ప్రతి నెలా సరిచూస్తాను. క్యాసెట్ శుభ్రం చేశాను, డెక్ హెడ్ కోణం సవరించాను, సాధ్యమైనంత ఎక్కువ వివరంతో రికార్డు చేశాను. వినగానే తెలిసింది, పాట వెనుక మగ్గం నడుస్తోంది. ‘టక్, టక్’ అని చెక్క దెబ్బ, మధ్యమధ్య ఇనుము మోగిన చప్పుడు. మూడు రోజులు కూర్చుని సాఫ్ట్‌వేర్‌తో టేపు బుసను, మగ్గం చప్పుడును పొర పొరగా తీసేశాను. పాటల మధ్య దొర్లిన మాటలను కత్తిరించాను. చివరికి ఒక ఆడగొంతు మాత్రం నిర్మలంగా మిగిలింది. ఆ పని చూసుకుని నాకు గర్వం కలిగిందని ఒప్పుకోవాలి.

తరువాతి ఆదివారం తండ్రీకూతుళ్లు వచ్చారు. మూడు ప్లేయర్లు బల్ల మీద వరుసగా పెట్టాను. మొదటిది బటన్లూ, శబ్దం తగ్గించి పెంచే చక్రమూ ఉన్న మామూలు రకం. మిగిలిన రెండూ పూర్తిగా టచ్ స్క్రీన్‌తో పనిచేసేవి, ఖరీదైనవి. హెడ్‌ఫోన్ పెట్టుకుని ఓబులేసు మొదటిదానిలో రెండు నిమిషాలు విన్నాడు, తల అడ్డంగా ఊపాడు. రెండోదాని తెర మీద ఎన్నిసార్లు వేలు పెట్టినా అది స్పందించలేదు. నలభై ఏళ్లు పట్టు దారం తాకి కాయలు కాసిన వేళ్లవి. పద్మ నొక్కి ఇచ్చింది. మళ్లీ తల అడ్డంగా ఊపాడు. మూడోది లక్షకు పైన ధర పలికేది. అది కూడా విని హెడ్‌ఫోన్ తీసి బల్ల మీద పెట్టాడు.

“ఈమె ఎవరప్పా?”

పద్మ నొచ్చుకుంది. “అమ్మే కదా నాయనా.”

“మీ అమ్మ గొంతులో బరువుండేది. ఈ పిల్లెవరో పదహైదేండ్లది. దీనికన్నా పెద్ద మిషను బెంగళూరులో దొరుకుతుందేమో అడుగు. ఎంతైనా తెప్పిద్దాం.”

అప్పుడు నేను కావాలనుకుంటే తెప్పించి అమ్మగలిగేవాణ్ణి. ఆయన అడ్డు చెప్పేవాడు కాడు. కాని మూడు ప్లేయర్లలోనూ ఒకే లోపం వినబడితే ఆ లోపం ప్లేయర్లలో ఉండదన్నది నా వృత్తిలో మొదటి పాఠం.

“అన్నా, బోరులో నీళ్లు లేనప్పుడు మోటారు మార్చి ఏం లాభం?” అన్నాను.

“బోరులో నీళ్లున్నాయో లేవో నువ్వు చూసినావా?” అని వెంటనే అడిగాడు. “మగ్గం యాడ పోయింది?”

“అది అనవసరమైన శబ్దం. నాయిస్ అంటాం. మీకోసమే తీసేశాను.”

ఓబులేసు కూతురి వైపు తిరిగాడు. “విన్నావా మే? మన కూడు పెట్టిన సద్దు అనవసరమంట.” తరువాత నాతో నెమ్మదిగా అన్నాడు: “అప్పా, మేం నేసేది రంగంచు చీర. అంచు ఒక రంగు, ఒళ్లు ఒక రంగు. దానికి ఇద్దరు కావాల. గుంటలో నేను, పక్కన ఆమె. అంచు నాడె ఆమె వేస్తేనే నేను పలక కొట్టేది. పాట ఆ దెబ్బ మీదనే నడిచేది. దెబ్బ తీసేసి పాట ఇస్తే, నాకు ఏం గుర్తుకు రావాల?”

నాడె అంటే పేక దారాన్ని పడుగులోంచి మోసుకుపోయే చెక్క సాధనం; పలక ఆ దారాన్ని బిగువుగా కొట్టి కలిపే చట్రం. ఆమె నాడె ఆగితే ఆయన చేయి ఆగాలి. ముప్పై ఏళ్లు అలా నేశారు. ఆమె పోయినాక ఆయన మగ్గం ముందు కూర్చునే గుంటలోకి దిగలేదని పద్మ చెప్పింది.

కత్తిరించని అసలు ఫైలు నా దగ్గర భద్రంగా ఉంది. దాన్ని స్పీకరులో వేశాను. ఓబులేసు అరచేతితో బల్ల మీద దెబ్బ వేయడం మొదలుపెట్టాడు. పది దెబ్బల్లోనే ఆయన చేయి, టేపులోని మగ్గం విడిపోయాయి. మగ్గం ముందుకు వెళ్లిపోతోంది.

“ఇంత బిరీన మేం ఎప్పుడూ నేయలేదు. ఇట్ల నేస్తే దారాలన్నీ తెగిపోతాయి.”

ఫైలు చివరి భాగం వేసి చూపమన్నాడు. అక్కడ మగ్గం మరింత వేగంగా ఉంది, గొంతు మరింత సన్నగా ఉంది. నా డెక్ వేగంలో తప్పు లేదు. తప్పు రికార్డు చేసిన రోజునే జరిగి ఉండాలి.

“కరెంటు మీద రికార్డు చేసినారా, సెల్లు వేసినారా?” అని అడిగాను.

పద్మ నవ్వింది. “కరెంటు పోయిన మధ్యాహ్నం సార్. యాడికి ఊళ్లో ఉండే మా పిన్నమ్మకు పంపాలని అమ్మ అప్పటికప్పుడు పాడింది. కొత్త సెల్లు లేవు. అయిపోయినవాటిని మిద్దె మీద ఎండలో పెట్టి తెచ్చింది నేనే.”

మా ప్రాంతంలో ఆ పని చేయని ఇల్లు లేదు. ఎండకు వేడెక్కిన సెల్లు కొంతసేపు ప్రాణం పోసుకున్నట్టు పనిచేసి మళ్లీ చల్లబడతాయి. అవి బలహీనపడేకొద్దీ మోటారు మెల్లగా తిరుగుతుంది, టేపు మెల్లగా కదులుతుంది. అలా రికార్డయినదాన్ని సరైన వేగంతో తిరిగి వినిపిస్తే గొంతు సన్నబడుతుంది, లయ పరుగెత్తుతుంది. ఆ రోజు విన్నప్పుడు సరిగ్గానే ఉందే అని పద్మ సందేహపడింది. ఆ నీరసించిన సెల్లతోనే, ఆ రికార్డరులోనే విన్నారు గనక తప్పుకు తప్పు సరిపోయింది. ఆ రికార్డరు తరువాత పాడైపోయింది. లోపం లేని నా డెక్ ఆ తప్పును బయటపెట్టింది.

ఎంత మెల్లగా తిరిగిందో తెలిస్తే సరిదిద్దవచ్చు. కరెంటు మీద చేసిన రికార్డింగుల్లో వెనుక గుంయ్‌మనే శబ్దం కలుస్తుంది, దాని స్వరం ఎప్పుడూ ఒకటే గనక కొలతగా వాడవచ్చు. ఇందులో అది లేదు. ఓబులేసు చేతి దెబ్బ నమ్మదగినదే కాని మనిషి లయ రోజుకొక విధంగా ఉంటుంది. ఆలోచిస్తూ ఉండగా నేను తీసేసిన చప్పుళ్లలో ఇనుము మోత గుర్తుకు వచ్చింది. ఇనుప ముక్క ఒకటి మోగితే దాని స్వరం ఏళ్లు గడిచినా మారదు.

“ఆ మగ్గం ఇంకా ఉందా అన్నా?”

“ఉండాది. యాడ పోతుంది.”

మరుసటి వారం రికార్డరు, మైకు తీసుకుని ధర్మవరం వెళ్లాను. గదిలో సగం నేసిన చీరతో సహా మగ్గం మీద దుప్పటి కప్పి ఉంది. ఆ మోత మగ్గం పైన బిగించిన జకార్డు పెట్టెలోని మీటదని ఓబులేసు చూపించాడు. డిజైను ప్రకారం పడుగు దారాలను ఎత్తే యంత్రం అది. గుంటలో ఉన్న తొక్కుడుచెక్క మీద కాలు వేస్తేనే మీట మోగుతుంది. ఆయన గుంట అంచున నిలబడ్డాడు, దిగలేదు.

“నేను దిగి తొక్కుతాను,” అన్నాను.

“నీ బూటుకాలు పెడితే నా చీర నాశనమవుతుంది,” అన్నాడు. పద్మ వెళ్లి పక్కన, తల్లి కూర్చునే పీట మీద కూర్చుంది. అప్పుడు ఆయన మెల్లగా దిగాడు. తొక్కాడు. మీట మోగింది. ఇరవైసార్లు తొక్కించి రికార్డు చేశాను.

దుకాణానికి తిరిగి వచ్చి రెండింటినీ పోల్చాను. మగ్గం మీద మీట స్వరం 1180 హెర్ట్జ్, అంటే సెకనుకు అన్ని కంపనాలు. టేపులో అదే మోత మొదట 1260 దగ్గర, చివరికి 1345 దగ్గర ఉంది. వేగం ఏడు శాతంతో మొదలై పద్నాలుగు దాకా తప్పింది. ప్రతి మోతనూ 1180కి తెచ్చి, మధ్య భాగాన్ని ఆ ప్రకారం సర్దుకుంటూ వచ్చాను. ఈసారి దేనినీ కత్తిరించలేదు.

వాళ్లు మళ్లీ వచ్చిన రోజు బటన్లున్న మొదటి ప్లేయర్‌నే ఇచ్చాను. క్యాసెట్‌లో ఉన్న శబ్దమంతటినీ వినిపించడానికి దాని డ్యాక్ చాలు, ఆ హెడ్‌ఫోన్‌కు దాని బలం చాలు, ఆయన వేళ్లకు దాని బటన్లు పలుకుతాయి. ఓబులేసు బటన్ నొక్కాడు. ఈసారి ఆయన అరచేయి బల్ల మీద మగ్గంతో కలిసి నడిచింది. ఒకచోట పాట ఆగింది. నేను మొదట కత్తిరించిన మాటలు అక్కడ ఉన్నాయి. హెడ్‌ఫోన్ పక్కనుంచి నాకూ వినబడ్డాయి.

“ఏమయ్యా, నిద్దరపోతాండావా? తొక్కు. నాడె నా చేతిలోనే ఉండాది.”

ఆయన చేయి బల్ల మీద ఆగిపోయింది. “ఇది రంగమ్మ,” అన్నాడు.

ఆనాటి నుంచి ఎవరు పాత టేపు తెచ్చినా, పాడింది ఎవరని అడగడానికి ముందు, ఆ గదిలో ఇంకేమేమి మోగేవో అడిగి రాసుకుంటున్నాను. దేన్ని పాట అనాలో, దేన్ని చప్పుడు అనాలో నిర్ణయించే అధికారం నా చదువు నాకు ఇవ్వలేదని తెలిసింది. నా కొలత టేపు పక్కన ఆ మీట మోత కూడా ఒక ఫైలుగా ఉంది.

రెండు నెలల తరువాత ఓబులేసు ఒక్కడే వచ్చాడు. ప్లేయర్‌లో ఏదైనా తేడా వచ్చిందేమో అనుకున్నాను.

“మిషను బాగుండాది. పాట ఎడమ చెవిలో మాత్రం వచ్చేట్లు చెయ్యి.”

రెండు చెవులతో వింటేనే ఈ ప్లేయర్ గొప్పతనం తెలుస్తుందని నా అలవాటు ప్రకారం చెప్పబోయాను. ఆయన వినలేదు.

“కుడి చెవి నాకు మగ్గానికి కావాల. ఆదివారాలు పద్మ వచ్చి నాడె వేస్తాండాది. రంగమ్మ నాకు ఎడమ పక్కన కూసునేది.”