సుబ్బరత్నం టాకీస్ గేట్‌కీపర్ లచ్చిరాం

పొద్దున పదకొండు కావొస్తోంది. రాత్రి కురిసిన వానకు రోడ్డంతా బురద. పైన మాత్రం ఎండ వీపు కాల్చేస్తోంది. తెల్లవారకముందు నుంచి జామాయిల్ కర్ర లారీకి ఎత్తుతున్నాం. కడుపులో ఒక్క గ్లాసు చాయ్ తప్ప ఏమీ లేదు. లారీ నిండగానే తువ్వాలు దులుపుకుని సువర్ణ హోటల్‌కి వెళ్ళాను. చండ్రుగొండలో సుబ్బరత్నం టాకీస్‌కి ఎదురుగా, రోడ్డుకు ఇవతల ఉంటుంది ఆ హోటల్. పూరీల ప్లేటు నా చేతికి వచ్చేసరికి, ఎదురుగా టాకీస్ గేటు దగ్గర లచ్చిరాం తన కన్నబిడ్డకు చేయి అడ్డం పెట్టి ఆపాడు. చూస్తూ నిలబడ్డాను, పూరీలు చల్లారిపోయాయి. ఆకలితో ఉన్నవాడి తిండి చెడగొట్టినందుకు కూడా వాడిని నేను క్షమించలేదు.

వాడెవడో ముందు చెప్పాలి.

లచ్చిరాం మా ఊరి పక్క తండావాడు. నా ఈడువాడే. ఒకే ఏడు బడి మానేశాం. నేను కూలికి పోయాను, వాడు టాకీస్‌లో టికెట్లు చింపడానికి పోయాడు. అప్పటి నుంచి వాడికి తాను గవర్నమెంటు అని ఒక నమ్మకం. ఖాకీ చొక్కా ఎవరూ ఇవ్వలేదు, సొంతంగా కుట్టించుకున్నాడు. మెడలో ఈల వేలాడేసుకున్నాడు. చేతిలో టార్చి. పట్టపగలు మార్నింగ్ షోకి కూడా ఆ టార్చి పట్టుకునే గేటు దగ్గర నిలబడేవాడు. టాకీస్ ఓనర్ వెంకటరామారావు తండ్రి ఎప్పుడో కోస్తా నుంచి వచ్చి ఇక్కడ పొగాకు పండించి, వాళ్ళమ్మ పేరు మీద హాలు కట్టించాడు. ఆ కుటుంబంలో పసిపిల్లవాడు ఎదురొచ్చినా లచ్చిరాం మెడ వంగిపోయేది. తండావాళ్ళు ఎదురొస్తే మాత్రం అదే మెడ కర్రలా నిలబడేది.

సినిమా మొదలయ్యే ముందు తెర మీద ఒక కాగితం పడుతుంది కదా, సెన్సార్ వాళ్ళది. సంతకాలు, నంబర్లు, పక్కన ఒక ఇంగ్లీషు అక్షరం. జనం అప్పుడే సీట్లు వెతుక్కుంటూ, అరుచుకుంటూ ఉంటారు. లచ్చిరాం మాత్రం తలుపు పక్కన నిటారుగా నిలబడి ఆ కాగితాన్ని చూసేవాడు, జెండా ఎగరేసేటప్పుడు నిలబడినట్టు. అందులో వాడు చదవగలిగింది ఆ ఒక్క అక్షరమే. దాని మీదే ఇన్నేళ్ళుగా సువర్ణ హోటల్లో పాఠాలు చెప్పాడు.

"మొదట్ల రెండే ఉండె," అనేవాడు చాయ్ ఊదుకుంటూ. "యు అంటే అందరు చూడొచ్చు. ఎ అంటే పద్దెనిమిది నిండినోళ్ళే. మనం పుట్టకముందు చట్టమది."

"మరి ఈ యుఎ ఏంది?" అని సువర్ణ అడిగేది, పూరీలు వత్తుతూ.

"అది మనం పోరగాళ్ళుగ ఉన్నప్పుడు వచ్చింది. పిల్లల్ని తల్లిదండ్రులు చూస్కోని తోల్కపోవాలె అని. ఇప్పుడు దాన్ని మూడు ముక్కలు జేసిండ్రు. ఏడు, పదమూడు, పదహారు."

"పదహారని రాసి ఉంటే పదేండ్ల పోరన్ని ఆపుతవా?"

"ఆపను. అది తల్లిదండ్రులకు చెప్పుడు వరకే. గేటు కాడ ఆపేది ఎ ఒక్కటే."

"ఎవరు పెడతరు ఈ అక్షరాలు?"

"హైదరాబాద్‌ల చీకటి గదిల కూసోని కొందరు చూస్తరు. గీ రక్తం తగ్గియ్యుండ్రి, గా మాట తీసెయ్యుండ్రి అంటరు. తీస్తే యుఎ. తియ్యం అంటే ఎ. ఎ వచ్చినదాన్ని టీవీల ఎయ్యరు. మల్ల కోసి, మల్ల చూపిచ్చి, యుఎ తెచ్చుకుంటనే టీవీ."

"నువ్వెప్పుడన్న కూసున్నవా గా గదిల?"

"నేను కూసుంటే దేశంల సినిమాలే ఉండవు," అనేవాడు. వాడికది జోకు కాదు.

ఇంత చట్టం తెలిసినవాడు గేటు దగ్గర ఏం చేశాడో కూడా నాకు తెలుసు. మేం కుర్రవాళ్ళుగా ఉన్న రోజుల్లో మార్నింగ్ షో పోస్టర్ మీద సినిమా పేరు కంటే ఎ అక్షరమే పెద్దగా ఉండేది. పిల్లలు చూడకూడదని చెప్పడానికి పెట్టిన అక్షరాన్ని జనాన్ని పిలవడానికి వాడుకున్నారు. బీడీ కట్ట చేతిలో పెడితే నిక్కరు వేసుకున్నవాడికి కూడా లచ్చిరాం దృష్టిలో పద్దెనిమిది నిండిపోయేవి. ఒకసారి హాలు ఖాళీగా పోతోందని వెంకటరామారావు ఒక డబ్బింగ్ సినిమా పోస్టర్ మీద ఎర్ర రంగుతో పెద్ద ఎ రాయించాడు. జనం ఎగబడ్డారు. లోపల చూస్తే మొదటి నుంచి చివరి దాకా ఏనుగులు. తెర మీద యు అని పడింది కూడా. అయినా లచ్చిరాం షో షోకీ బయట నిలబడి పిల్లల్ని వెనక్కి తోలుతూనే ఉన్నాడు, ఓనర్ ఎ అన్నాడు కాబట్టి. ఏనుగుల సినిమాకు పిల్లల్ని రానివ్వని గేట్‌కీపర్ ఇంకెక్కడైనా ఉంటాడని నేననుకోను.

ఈ మధ్య ఏదో ఊళ్ళో ఒక హాల్లో తనిఖీ జరిగిందని విని, వెంకటరామారావు భయపడి వయసు గట్టిగా చూడమన్నాడు. అంతే, లచ్చిరాం ఆధార్ అడగడం మొదలుపెట్టాడు. నేల క్లాసుకు వచ్చే తండా పిల్లలకు ఆధార్. బాల్కనీకి వెళ్ళేవాళ్ళకు నమస్కారం.

ఇక వాడి బిడ్డ సోని. గోదావరి పెద్దగా వచ్చి భద్రాచలం మునిగిన ఏడు పుట్టింది. ఊరంతటికీ గుర్తే. లచ్చిరాం ఆ రోజు టాకీస్ ముందు నిలబడి వచ్చిన వాళ్ళందరికీ బెల్లం పంచాడు. నేనూ తిన్నాను. అయితే తండాలో బడిలో వేసేటప్పుడు రెండేళ్ళు తగ్గించి రాయించడం మామూలు. సర్కారు కొలువు పరీక్షలకు వయసు దాటిపోకుండా, ఇంకో రెండేళ్ళు రాసుకోవడానికి ఉంటుందని. లచ్చిరాం కూడా అదే చేయించాడు. దాంతో సోనికి ఇంట్లో పంతొమ్మిది నిండినా, ఆధార్‌లో పదిహేడే.

రెండు ఎండాకాలాల కింద పినపాక వైపు అడవిలోకి షూటింగ్ వాళ్ళు వచ్చారు. తండా మనుషుల్ని వ్యాన్లో ఎక్కించుకుపోయారు, గుంపులో నిలబెట్టడానికి. అందులోంచి సోనిని వేరుగా పిలిచి ఒక సీను ఇచ్చారు. వాగులోంచి కడవతో నీళ్ళు తెచ్చి, దాక్కున్న మనిషికి తాపుతుంది. అప్పుడే తుపాకీ పేలి, తూటా తగిలి పడిపోతుంది. పడిపోయి, కెమెరా వైపు చూసి ఒక్క మాట అంటుంది. బాగా చేశావన్నారట. ఎట్లా చేశానో చూపించండి అని అడిగితే, సినిమా వచ్చినప్పుడు చూసుకో అన్నారట.

సోనికి కావలసింది అదొక్కటే. ఆ తెర మీద తన మొహం ఒకసారి చూసుకోవాలి. హీరోయిన్ కావాలని లేదు, హైదరాబాద్ పోవాలని లేదు. వాళ్ళ నాన్న మాత్రం రెండేళ్ళు సువర్ణ హోటల్లో బెంచీ మీద కూర్చుని ఆ సీను అమ్ముకున్నాడు. "మా సోని సినిమా," అనేవాడు, హీరో ఎవరో కూడా చెప్పకుండా. ఆ సీనులో నెత్తురు తగ్గించమని సెన్సార్ వాళ్ళంటే సినిమా తీసినవాళ్ళు ఒప్పుకోలేదని, ఎ ఇచ్చారని పేపర్లో వచ్చినప్పుడు ఇంకా పొంగిపోయాడు. "ఎ అంటే అల్కగాదు బొజ్జయ్యా," అన్నాడు నాతో. వాడికి ఒక్క క్షణం కూడా తట్టలేదు, ఆ అక్షరం వాడి గేటు దగ్గరికే వస్తుందని.

ఖమ్మంలో ఆ సినిమా వారం కూడా ఆడలేదు. అక్కడ తీసేశాకే మా టాకీస్‌కి వచ్చింది. నేను లారీ నింపి, పూరీల కోసం వెళ్ళింది ఆ రోజే.

సోని కొత్త లంగా ఓణీ కట్టుకుని వచ్చింది. టికెట్ తీసుకుంది. గేటు దగ్గర వాళ్ళ నాన్న చేయి అడ్డం పెట్టాడు. అది వాళ్ళ భాషలో ఏదో అన్నది, నవ్వుతూనే. వీడు తెలుగులో జవాబిచ్చాడు, బుకింగ్ కిటికీ దగ్గరున్న వెంకటరామారావుకు వినపడేలా.

"ఆధార్ చూపియ్."

సోని నవ్వు ఆగిపోయింది. అది కూడా తెలుగులోకి వచ్చింది. "ఇంట్లనే ఉంది బా," అన్నది. బా అంటే వాళ్ళకు నాన్న. "పెట్టెల నువ్వే పెట్టినవ్."

"అండ్ల వయసెంతుంది?"

"నువ్వు రాయించినంతే ఉంది."

వరసలో నిలబడ్డవాళ్ళు నవ్వారు. ఎవడో వెనక నుంచి, "లచ్చిరామన్నా, నీ బిడ్డ ఎప్పుడు పుట్టిందో నీకు యాదికి లేదా? బెల్లం పంచినవ్ గద," అన్నాడు.

"కాగితం మీద పదిహేడు," అన్నాడు లచ్చిరాం. "ఇది ఎ సినిమా. పద్దెనిమిది నిండాలె."

సువర్ణ అట్లకాడ పట్టుకునే రోడ్డు దాటి వెళ్ళింది. "నువ్వు కన్నవా లచ్చిరాం, కాగితం కన్నదా?"

"నువ్వు పూరీలు చూస్కో అక్కా. మాడిపోతయ్."

"మాడితే మాడనియ్. ఆ సినిమాల ఉన్నదే అది. అది లేంది సినిమా ఏడుంది?"

లచ్చిరాం ఒక్కసారి బుకింగ్ వైపు చూశాడు. వాడి భయం నాకు ఇవతలి నుంచే కనపడింది. బిడ్డకు పంతొమ్మిది అని నలుగురి ముందు నోటితో అంటే, రేపు పోలీసు కొలువు పరీక్షలో రెండేళ్ళు దొంగలెక్క అని ఎవడైనా అర్జీ పెడతాడు. లోపలికి వదిలితే ఓనర్ కసురుతాడు. ఈ రెంటి మధ్యన బిడ్డను నిలబెట్టాడు.

సరిగ్గా అప్పుడే వెంకటరామారావు మనవడు నాని బండి మీద వచ్చాడు. తొమ్మిదో తరగతి. మీసం ఇంకా రాలేదు. లచ్చిరాం అడ్డం పెట్టిన చేయి తీసి, పరుగున పోయి బాల్కనీ గేటు తెరిచాడు. "ఏసీ ఏసిన బాబూ, పోయి కూసో," అన్నాడు.

"ఆ బాబుకు ఎన్నేండ్లు బా?" అని అడిగింది సోని.

"ఓనర్ గారి మనవడు."

"నేను వయసు అడిగిన."

వెంకటరామారావు కిటికీలోంచి తల బయటపెట్టాడు. "ఏంటయ్యా లచ్చిరామూ అక్కడ గొడవ? రూలంటే రూలే కదా. అమ్మాయిని పంపించెయ్యి, లైను ఆగిపోతంది."

లచ్చిరాం బిడ్డ దగ్గరికి వచ్చి గొంతు తగ్గించాడు. "టీవీల వస్తది బిడ్డా. ఇంట్ల కూసోని చూస్తవ్. అదే బొమ్మ గద. పో."

సోని టికెట్ వాడి చేతిలోనే పెట్టి వెళ్ళిపోయింది. వాడు అలవాటు కొద్దీ దాన్ని చింపాడు.

ఆ సాయంత్రం నేను సినిమాకు వెళ్ళాను. సోని నిజంగా ఉంది. హాలంత వెడల్పు మొహం. పడిపోయి, మన వైపే చూసి, "కడవ పగలలేదు గద?" అంటుంది. హాల్లో ఉన్నవాళ్ళలో ఈలలు వేసేవాళ్ళు కూడా నోరు మూసుకున్నారు. నేను వెనక్కి తిరిగి చూశాను. తలుపు దగ్గర లచ్చిరాం టార్చి ఆర్పేసి నిలబడి చూస్తున్నాడు. ప్రతి షోకీ ఆ సీను టైముకు లోపలికి వచ్చి చూసి పోతున్నాడని తర్వాత తెలిసింది. బిడ్డను బయటికి తోలి, బిడ్డ బొమ్మను తానొక్కడే కడుపునిండా చూశాడు. నాలుగు రోజులకు పెద్ద హీరో సినిమా వచ్చి దాన్ని ఎత్తేశారు.

టీవీలో నిజంగానే వచ్చింది, కొన్ని నెలలకు. ఆదివారం మధ్యాహ్నం. లచ్చిరాం తండా అంతటినీ పిలిచాడు. కోడికూర వండించాడు. నన్నూ, సువర్ణనూ పిలిచాడు. తిండి కోసం వెళ్ళాను, అందులో దాపరికం లేదు. సోని టీవీకి అందరికంటే దగ్గరగా, నేల మీద కూర్చుంది.

ముందు సెన్సార్ కాగితం పడింది. ఎ లేదు. యుఎ, పక్కన పదహారు. ఇంట్లో ఎవరూ దాన్ని పట్టించుకోలేదు. లచ్చిరాం పట్టించుకున్నాడు. గంటె పట్టుకున్నవాడు పట్టుకున్నట్టే ఉండిపోయాడు. జెండాకు నిలబడినట్టు నిలబడే మనిషి ఆ రోజు గోడకు జారగిలబడ్డాడు.

వాగు సీను వచ్చింది. దాక్కున్న మనిషి దాహం అంటాడు. తర్వాత వాగు. నీళ్ళ మీద కడవ తేలుతూ పోతోంది. అంతే. వెంటనే పాట మొదలైంది.

"సోనక్క ఏది?" అని పిల్లలు అడిగారు. "ఇంకా వస్తదేమో," అన్నారు పెద్దవాళ్ళు. సినిమా అయిపోయింది. రాలేదు.

సోని లేచి తిన్న ప్లేట్లు ఎత్తుతూ, వాళ్ళ భాషలో కాదు, మాకందరికీ అర్థమయ్యే తెలుగులో అన్నది. "నీకు ఎరకే గద బా. కోస్తనే టీవీల ఎస్తరని."

ఆ పాఠం సువర్ణ హోటల్లో మా అందరికీ చెప్పింది వాడే. తెలిసే చెప్పాడు బిడ్డకు ఆ అబద్ధం, లైను ముందుకు కదలడానికి. కోడికూరలో ఉప్పు కూడా ఎక్కువైంది.

మళ్ళీ వచ్చిన శుక్రవారం టాకీస్‌లో కొత్త ఎ సినిమా. నేను హోటల్లోనే ఉన్నాను. నాని వచ్చాడు. ఈసారైనా వాడిని ఆపుతాడేమోనని సువర్ణ గుమ్మంలోకి వచ్చి చూసింది. లచ్చిరాం ఆపలేదు. ఎప్పటిలాగే వంగి బాల్కనీ గేటు తెరిచాడు. ఏసీ వేశానని మాత్రం అనలేదు. గేటు మూసి, మెడలోని ఈల తీసి, టార్చితో పాటు బుకింగ్ కిటికీ గట్టు మీద పెట్టాడు. వెంకటరామారావు, "ఎక్కడికయ్యా?" అన్నాడు. మా ముందు నుంచే రోడ్డు దాటాడు. సువర్ణ, "చాయ్ తాగి పో," అన్నది. మా వైపు తల కూడా తిప్పలేదు. సత్తుపల్లి బస్సు ఎక్కి కిటికీ పక్కన కూర్చున్నాడు, ఖాకీ చొక్కాతోనే.

బస్సు కదిలేసరికి సినిమా మొదలైన చప్పుడు వినపడింది. నేల క్లాసు గేటు బార్లా తెరిచి ఉంది. రోడ్డు మీద ఐస్ పుల్లలు చీకుతున్న పిల్లలు అటూ ఇటూ చూసి, ఒక్కొక్కరే లోపలికి పోయారు.