అడవి అవ్వ పాయసం

బెల్లంలో మామిడి గుజ్జు ఉడికే వాసన వస్తే నాకిప్పటికీ నోరు చేదవుతుంది.

చిన్నప్పుడు పిల్లల మాసపత్రికలో ఒక మాయాసీరియల్ వచ్చేది. అందులో అడవి అవ్వ ఋతువుకొక వంట చేసేది. ఆమె ఎండాకాలపు మామిడి పాయసం తింటే ఎంతటి కోపమైనా కరిగిపోయేది. మా నాయన చిత్తూరులో పాస్టరు. వేరే కులం అబ్బాయిని పెళ్లాడిందని అక్కను ఇంటికి రానివ్వలేదు. ఒక ఆదివారం ఆరాధన అయ్యాక, పదేళ్ల నేను ఆ పాయసం వండి ఆయనకు పెట్టాను.

"బాగుండాది పాపా, ఇంకొంచెం పెట్టు."

"అయితే అక్కను పిలుచుకొస్తావా నాయనా?"

"దాని పేరెత్తినావంటే చూడు!" అని గిన్నె నెట్టేసినాడు.

బెల్లం తక్కువైందనుకున్నాను. ఆ వేసవంతా కాస్త కాస్త పెంచుతూ వండాను.

నాయన పోయేదాకా అక్క మా గడప తొక్కలేదు. అన్నేళ్లూ ఆయన చర్చిలో ప్రభువు బల్ల దగ్గర అందరికీ రొట్టె విరిచి పంచాడు.