కాలిందని చెప్పని వేళ్ళు

మొన్నటి చలికి నా చూపుడువేలి కొస పగిలి, ఉప్పు తగిలితే ఓర్వలేకపోతుంటే కోడలు ఆసుపత్రికి తీసుకువెళ్ళింది. అక్కడ గోడకు అంటించిన కాగితాన్ని కూడబలుక్కుంటూ చదివాను. అరవై దాటాక మనవరాలి పలక మీద నేర్చుకున్న చదువు నాది, ఒక్కో అక్షరం దగ్గరా ఆగాలి. వేళ్ళ చర్మం ఎండి పగలడానికి కారణాలట: అస్తమానం నీళ్ళలో నానడం, వేడినీళ్ళు, సబ్బూ సోడా, చలిగాలి. అడుగున ఇంకో వరుస, ఇది ఒకరి నుంచి ఒకరికి అంటుకునేది కాదని. ఆ వరుస దగ్గరే నిలబడిపోయాను. నర్సు నన్ను రెండుసార్లు పిలిచిందట.

నా చిన్నప్పుడు, రెండో ప్రపంచయుద్ధం రోజులు. నాయన పోయాక మా అమ్మా అక్కా కుప్పంలో ఒక సాయిబుగారి షెడ్డులో పట్టుదారం తీసేవాళ్ళు. మీలో ఆ పని చూసినవాళ్ళుంటే ఆ వాసన ఇంకా మరిచి ఉండరు. కుతకుత ఉడికే నీళ్ళలో పట్టుగూళ్ళు వేసి, అందులోనే వేళ్ళు ముంచి, దారం కొస వెతికి పట్టుకుని రాట్నానికి అందించాలి, పొద్దున మొదలుపెడితే పొద్దుగూకేదాకా. షెడ్డులో ఉన్నంతసేపూ వేళ్ళు నాని తెల్లగా ఉబ్బి ఉండేవి, బయటి గాలి సోకగానే ఎండి నెర్రెలిచ్చేవి. సంగటి తినబోతే పచ్చడి కారం ఆ పగుళ్ళలోకి దిగి అక్కకు కళ్ళనీళ్ళు తిరిగేవి. రెండేళ్ళకు వేళ్ళ కొసలు కాయలు కాసి మొద్దుబారాయి. ఇక అక్క ఉడుకుతున్న సంగటి కుండను మసిగుడ్డ లేకుండానే దించేది, నేనేమో దాన్ని నా ఈడు పిల్లల దగ్గర గొప్పగా చెప్పుకునేదాన్ని.

అక్కను పుంగనూరు దగ్గర పాడీపంటా ఉన్న ఇంటికి ఇచ్చారు. పెళ్ళికి ముందు నెలరోజులు అమ్మ ఆమె వేళ్ళకు వెన్న పూసింది, అత్తగారింట్లో కుండ దించేటప్పుడు గుడ్డ మరవవద్దని పదేపదే చెప్పింది. ఎందుకో ఎనిమిదేళ్ళ నాకు చెప్పలేదు. చెప్పి ఉంటే బాగుండేది.

ఆరు నెలలకు, పెట్రోలు దొరక్క బొగ్గు మీద నడిపే బస్సులో, పలమనేరు మీదుగా నన్ను అక్క దగ్గరికి పంపారు. ఒక పొద్దున పాలు పొంగుతుంటే అక్క అత్తగారు గుడ్డ కోసం తడుముకుంటోంది. నేను ఊరుకున్నానా? "మా అక్కకు గుడ్డ యాల అత్తా? నిప్పు పట్టుకున్న్యా కాలదు!" అనేశాను.

ఆమె చెడ్డ మనిషి కాదు. ఆమె తమ్ముడికి పెద్దరోగం, అదే కుష్ఠు, వచ్చి, వేళ్ళకు స్పర్శ పోయి, ఊరి బయట గుడిసెలో చనిపోయాడనీ, చిన్నప్పుడు ఈమే అన్నం తీసుకుపోయి దూరంగా పెట్టి వచ్చేదనీ నాకు చాలా ఏళ్ళ తర్వాత తెలిసింది. ఆ రోజు మాత్రం ఆమె ముఖం పాలిపోవడం చూశాను. అక్కను పిలిచి, కళ్ళు మూసుకుని చెయ్యి చాపమంది. పొయ్యిలో కాల్చిన గరిటె కాడను వేలి కొసకు ఆనించింది. అక్క కదలలేదు. నేను చప్పట్లు కొట్టాను.

మరునాడే మమ్మల్ని బస్సెక్కించారు. అక్క తిన్న కంచం కూడా గుడ్డలో చుట్టి మాతోనే పంపారు. బస్సులో అడిగాను, నిజంగా కాలలేదా అని.

"యాల కాలదే? సుర్రుమనింది. కోడలి ఓర్పు సూస్తాండాదేమో అనుకున్న్యా. అత్త ముందర అరిస్తే అమ్మకు గదా మాట" అంది.

అమ్మ ఆమెను మదనపల్లె పెద్ద డాక్టరు దగ్గరికి తీసుకుపోయింది. ఆయన ఇంకా మానని పగుళ్ళు చూసి, ముంజేతి మీదా వేళ్ళ మీదా సూదితో పొడిచాడు. అక్క ప్రతిసారీ అమ్మో అని అరిచింది. అన్నేళ్ళు నోరు మూసుకున్న పిల్ల అక్కడ అరిచింది. ఇది వేడినీళ్ళు చేసిన పని, రోగం కాదు, నీళ్ళలో చెయ్యి పెట్టకుంటే మానుతుందని చెప్పి, అదే మాట ఒక కాగితం మీద రాసిచ్చాడు. అమ్మ ఆ కాగితం పట్టుకుని పుంగనూరు పోయింది. ఆ ఇంట్లో ఎవరికీ చదువు రాదు, కరణంగారి చేత చదివిస్తే సంగతి ఊరంతా పాకుతుందని అత్తగారు దాన్ని ముట్టుకోలేదు. బావ ఆవుల దగ్గర అటు తిరిగి నిలబడి ఉన్నాడట. ఏడాదిలోపే ఆయనకు మళ్ళీ పెళ్ళయింది.

నీళ్ళలో చెయ్యి పెట్టవద్దన్నాడు డాక్టరు. పెట్టకుంటే తినేదెట్లా? అక్క మళ్ళీ షెడ్డుకే పోయింది. ఈలోగా మాట కుప్పానికి కూడా చేరి, పక్క పొయ్యిల ఆడవాళ్ళు తమ చోటు వదిలి దూరం జరిగారు. సాయిబుగారి తల్లి మాత్రం "అరే, పనిచేసే చెయ్యి పగలకుండా ఉంటాదా?" అని అందరినీ తిట్టి, అక్కకు చివరి పొయ్యి ఇప్పించింది. అక్క అక్కడ ఒంటరిగా నాలుగేళ్ళు దారం తీసి, ఒక వానాకాలం జ్వరంతో పోయింది. ఆఖరుదాకా ఆ కంచంలోనే తిన్నది. వేరేది పెడతానని అమ్మ ఏడ్చినా వినలేదు.

నాకు చదువు వచ్చాక అమ్మ పెట్టె తెరిచి, మడతల దగ్గర చిరిగిన ఆ కాగితం చదివాను. మూడే వరుసలు. ఆసుపత్రి గోడ మీద ఉన్న మాటే.

ఇప్పుడా పని యంత్రాలు చేస్తున్నాయంటారు, చేతులకు తొడుగులు వచ్చాయి, డాక్టరు మాట గోడల మీద అందరికీ కనబడేలా రాసి ఉంటోంది. మంచిదే. మా ఇంట్లో కాఫీ గ్లాసు కొంచెం వేడిగా ఉన్నా నేను "కాలిందమ్మా" అని గట్టిగా అరుస్తాను. ముసలామెకు ఓర్పు లేదని పిల్లలు నవ్వుతారు. నవ్వనీ. మనవరాళ్ళకు కూడా అదే నేర్పాను.